మూడు నిమిషాల అత్తయ్య

మా మేనత్త పోయిన పదకొండో రోజుకల్లా ఆవిడని పొగిడే హక్కు బంధువులందరికీ సమానంగా సంక్రమించింది. బతికున్నన్నాళ్లూ "దానికేం, ముందూ వెనకా ఎవరున్నారు?" అన్నవాళ్లే "అలా బతకాలంటే పెట్టి పుట్టాలండీ" అనడం మొదలుపెట్టారు. "బరితెగించింది" అన్న పెద్దలు "గుండె ధైర్యం గల మనిషి" దాకా వచ్చారు. భోజనాల దగ్గర గారెలు రెండో విడత వచ్చేసరికి స్వాతంత్ర్య సమరంలో కూడా పాల్గొనిపించేవాళ్లే, పుట్టిన సంవత్సరం అడ్డొచ్చింది.

ఈ పంపకంలో అందరికన్నా పెద్ద వాటా కొట్టేసింది నేనే. "నన్ను పెంచింది ఆవిడేనండీ" అని ఒక్క మాట వదిలితే చాలు, వినేవాళ్లు నాకేసి గౌరవంగా చూస్తారు. ఆ తెగువ, ఆ స్వేచ్ఛ కాస్తో కూస్తో నాకూ అంటి ఉంటాయనుకుంటారు. ఆ సమయానికి మా ఆవిడ పక్కన లేకుండా చూసుకోవాలి, అంతే.

ఎందుకంటే అసలు సరుకు ఆవిడకి తెలుసు. రాత్రి గ్యాసు కట్టేశానో లేదో చూసి, ఇందాక నిజంగానే చూశానా అని మళ్లీ వెళ్లి చూసే మనిషిని నేను. చేతిరుమాళ్లు ఇస్త్రీ చేసుకుంటాను. ఉదయం రైలుకి ముందురోజు రాత్రే చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెడతాను. రైలు రిజర్వేషన్లు 120 రోజుల ముందు కాదు, ఇకమీదట 60 రోజుల ముందే అని 2024లో ప్రకటించినప్పుడు, మిగతా 60 రోజులూ నేనేం చేసుకోవాలని బెంగపెట్టుకున్నాను.

అత్తయ్య రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. కోనసీమలో తాతయ్యగారి ఊరి నుంచి టైపు నేర్చుకుంటానని వచ్చి, మెల్లిగా పరీక్ష రాసి, ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చాకే ఇంట్లో చెప్పిందట. ఆ రోజుల్లో పక్క జిల్లాకి మాట్లాడాలన్నా ట్రంక్‌కాల్ బుక్ చేసుకుని, ఆ రింగు కోసం గంటలకొద్దీ కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు రకాలు. అర్జెంటుకి రెట్టింపు డబ్బులు. లైట్నింగ్ జోలికి ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరూ పోయేవాళ్లు కాదు. బిల్లు మూడేసి నిమిషాల చొప్పున లెక్క. "అమ్మకి ఎలా ఉంది, ఆవు ఈనిందా" అని అడుగుతుండగానే మధ్యలో ఓ గొంతు వినపడేది: "మూడు నిమిషాలయిందండీ, పొడిగించమంటారా?" గోదావరి జిల్లాల్లో ఎన్నో దుఃఖాలనీ, బేరాలనీ, సగం చెప్పిన ప్రేమలనీ అలా మర్యాదగా ఆపేసిన గొంతుల్లో ఒకటి మా అత్తయ్యది.

ఆ పద్ధతిని ఇంటికీ తెచ్చుకుంది. ఎవరైనా హితబోధ మొదలుపెడితే ఎదురు చెప్పేది కాదు, మొహం ముడుచుకునేది కాదు. గోడగడియారం కేసి చూస్తూ శ్రద్ధగా వినేది. "ఆడపుటక పుట్టాక ఓ తోడుండాలే అమ్మాయ్" అని చినతాతగారు అందుకుంటే, సరిగ్గా సమయం కాగానే, "మూడు నిమిషాలయింది బాబాయ్, పొడిగించమంటారా?" అనేది. పొడిగించినవాళ్లకి కాఫీ ఉండేది కాదు.

పెళ్లిచూపులూ అంతే. మండపేట వైపు రైసుమిల్లు వాళ్లబ్బాయి ఒకాయన, పెళ్లయ్యాక ఉద్యోగం మానెయ్యాలన్నాడట.

"మానేస్తే నెలనెలా నా జీతం మీరిస్తారా?"

"ఇంట్లో ఉండేదానికి జీతం ఏంటండీ?"

"మీ మిల్లులో గుమాస్తాకి ఇస్తున్నారు కదండీ."

అక్కడితో లైను కట్టయింది. ఆ తర్వాత ఒకటీ అరా వచ్చిన సంబంధాలు రింగు మోగి ఆగిపోయినవే. కొన్నాళ్లకి నాన్నా పెదనాన్నా విసిగి వెతకడం మానేశారు. దాని ఖరీదు ఎంతో తర్వాత తెలిసొచ్చింది వాళ్లకి. అక్కడికి వస్తాను.

చదువు కోసమని నన్ను అత్తయ్య దగ్గర పెట్టారు. ఆవిడ పెంపకంలో ఉంటే కుర్రాడు చెడిపోతాడేమోనని అమ్మ భయం. నేను చెడిపోవడానికి కూడా ధైర్యం చాలని రకమని అమ్మకి అప్పటికింకా తెలియదు.

వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన ఊరు రాజమండ్రి. ఆ తర్వాత నూరేళ్లు గడిచినా, పెళ్లికాని ఆడమనిషి కుచ్చిళ్లు దోపుకుని లూనా ఎక్కితే దేవీచౌక్‌లో రిక్షాలు ఆగిపోయేవి. లూనా అంటే ఈనాటి పిల్లలకి తెలియదు. 1972లో వచ్చిన బుల్లిబండి. ముందు మనం సైకిల్లా తొక్కాలి, మన కష్టం చూసి జాలేస్తే ఇంజను అందుకుంటుంది. సెలవురోజు సాయంత్రం నన్ను వెనక కూర్చోబెట్టుకుని కొవ్వూరు బ్రిడ్జి ఎక్కేది. 1974లో కట్టిన బ్రిడ్జి, కింద రైలు, పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్ల గోదావరి గాలి. కింద గూడ్సు పోతుంటే పైన బ్రిడ్జి వణుకుతోందో, నేను వణుకుతున్నానో తెలిసేది కాదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఎక్కాలు చదువుకుంటూ అవతలి ఒడ్డు చేరేవాణ్ణి. కొవ్వూరులో ఎవరైనా తెలిసినవాళ్లు కనపడి "ఏం పని మీద వచ్చావమ్మా?" అంటే, "గాలి పని మీద" అని బండి వెనక్కి తిప్పేది. తిరిగొచ్చాక రోజ్‌మిల్కు తాగించేది. గోదారి అంత అందంగా ఉంటుందని నాకు తెలిసింది ఆ తర్వాత సినిమాల్లో చూసే.

కేంద్రప్రభుత్వ ఉద్యోగం కాబట్టి నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చే ఎల్‌టీసీ ఉండేది. ఆ సదుపాయం మీద ఆఫీసులో చాలామంది తిరుపతి వెళ్లి దణ్ణం పెట్టుకొచ్చేవాళ్లు. అత్తయ్య రైల్వే మ్యాపు నేలమీద పరిచి, ఏ స్టేషను అన్నిటికన్నా దూరమో దారంతో కొలిచేది. 1985 వేసవిలో కలకత్తాకి నన్నూ తీసుకెళ్లింది, నా టికెట్టు తన డబ్బుతో. హౌరా మెయిల్లో సామర్లకోట రాకముందే ఇంటికి పోదామని ఏడుపు అందుకున్నాను. వాల్తేరులో జీడిపప్పు పొట్లం కొనిచ్చి, "ఇది అయిపోయేదాకా ఆపు, తర్వాత మళ్లీ ఏడుద్దువుగాని" అంది. కలకత్తాలో అప్పటికి కొత్తగా మెట్రో వచ్చింది. దేశంలోనే మొట్టమొదటిది, 1984 అక్టోబరు 24న మొదలైంది. ఎస్ప్లనేడ్ దగ్గర కదిలే మెట్లు చూసి అత్తయ్య చిన్నపిల్లైపోయింది. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. నేను కింద రెండు సంచులూ కాళ్ల మధ్య ఇరికించుకుని కాపలా కాశాను. ఇప్పటికీ మాల్‌కి వెళితే సంచులు పట్టుకుని ఎస్కలేటరు కిందే నిలబడతాను. మా పిల్లలు దాన్ని మోకాళ్ల నొప్పి అనుకుంటున్నారు. నేనూ అవుననే అంటున్నాను.

ఇక ఆస్తి సంగతి. 1985 సెప్టెంబరు 5 అంటే లోకానికంతా గురుపూజోత్సవం. మా ఇంట్లో మాత్రం పాఠం అన్నదమ్ములిద్దరికీ చెప్పారు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకీ కొడుకులతో పాటు సమాన హక్కునిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. చట్టం అయింది 1986లోనే గానీ, వర్తింపు ఆ సెప్టెంబరు 5 నుంచి. కేంద్రం చట్టంలో ఆ మాట రావడానికి 2005 దాకా పట్టింది. మన చట్టంలో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన ఆడపిల్లలకి ఆ హక్కు రాదు. మా అత్తయ్యకి పెళ్లి కాలేదు.

నాన్నా పెదనాన్నా రెండు పూటలు అన్నం సహించలేదట. సంబంధాలు వెతకడం మానేసినందుకు అన్నేళ్ల తర్వాత ఒక్కసారిగా పశ్చాత్తాపం కలిగింది. "ఆ రైసుమిల్లు కుర్రాడి జీతమేదో మనమే ఇస్తామనాల్సింది" అని పెదనాన్న చాన్నాళ్లు బాధపడ్డారు. తాతయ్య మాత్రం చట్టాన్ని గౌరవించే మనిషి. గౌరవించకపోతే కోర్టుకెళుతుందని తెలిసిన మనిషి కూడాను. నాలుగు వాటాలు వేశారు. తనకొకటి, కొడుకులకి చెరొకటి, కూతురికొకటి. రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద నాన్న ఆఖరి ప్రయత్నంగా, "నీకెవరున్నారే, నీకెందుకు చెప్పు ఈ పొలం?" అన్నారు.

"ఎవరూ లేరనేగా అన్నయ్యా" అంది అత్తయ్య, సొంత పెన్నుతో సంతకం పెడుతూ.

ఆ వాటా అమ్మి కోటిలింగాల రేవుకి నడిచివెళ్లేంత దూరంలో రెండు గదులు, ఒక వంటిల్లు, పైన డాబా ఉన్న ఇల్లు కొంది. రేషన్‌కార్డులో కుటుంబ యజమాని అన్నచోట ఆవిడ పేరు, సభ్యులు అన్నచోట మళ్లీ ఆవిడ పేరే. గ్యాసు ఆవిడ పేరు మీద, కరెంటు మీటరు ఆవిడ పేరు మీద. ఆ కాగితాలన్నీ ఓ రేకుపెట్టెలో పెట్టుకుని, దేవుడి గూటి పక్కన పెట్టింది. దేవుడికి రోజుకోసారి, పెట్టెకి నెలకోసారి దుమ్ము దులిపేది.

గోదావరికి 12 ఏళ్లకోసారి పుష్కరాలొస్తాయి. రాజమండ్రిలో ఇల్లున్నవాళ్లకి బంధువులొస్తారు. 1991లో పరుపుచుట్టలతో, ఆవకాయ జాడీలతో దిగిన వాళ్లలో ఆవిడని ఏమీ అననివాళ్లు ఎవరూ లేరు. అత్తయ్య అందర్నీ గుమ్మంలోనే నవ్వుతూ పలకరించి, తాళంచెవుల గుత్తి పెద్దమ్మ చేతిలో పెట్టి, "బియ్యం డబ్బాలో ఉన్నాయి వదినా, కుళాయి నీళ్లు తెల్లవారుజామున నాలుగింటికొస్తాయి, పట్టుకోండి" అని చెప్పి ఊటీ వెళ్లిపోయింది. వచ్చినవాళ్లు నీళ్లు పట్టుకుని, వండుకుని, అంట్లు తోముకుని మరీ పుణ్యం సంపాదించుకున్నారు. 2003లోనూ అంతే, ఆ సారి సిమ్లా. 2015కి ప్రయాణాల ఓపిక తగ్గి డాబామీది గదిలో ఉండిపోయింది గానీ, ఎవరు ఏ రోజు అంట్లు తోమాలో పట్టిక రాసి గోడకి అంటించింది. పట్టికలో మొదటి పేరు నాది.

ఈలోగా ఎస్టీడీలు వచ్చి ట్రంక్‌కాళ్ల గది ఖాళీ అయింది. అత్తయ్యని 197కి మార్చారు. పేరు చెబితే నెంబరు చెప్పే పని. 2000 అక్టోబరు 1న డిపార్టుమెంటు కాస్తా బీఎస్ఎన్ఎల్ అయింది. అత్తయ్య అక్కడే రిటైరై, పింఛను పుచ్చుకుంటూ, సగం ఊరి నెంబర్లు బుర్రలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

నా పెళ్లిలో మేనత్త హోదాలో ఆవిడకి లాంఛనం చీర పెట్టారు. మర్నాడే ఆ చీర తీసుకెళ్లి మా అత్తగారి చేతిలో పెట్టి, "ఈ రంగు మీకే బావుంటుంది వదినగారూ" అంది. పెళ్లికూతురి పక్కన చేరి నా గుణగణాలు ఏకరువు పెట్టింది. "మావాడు మంచివాడేనమ్మా. భయం జాస్తి, మోసం నాస్తి. కాఫీ పెడతాడు, బట్టలు ఇస్త్రీ చేస్తాడు. ఉప్మా కూడా వచ్చు గానీ ఉప్పు సంగతి నువ్వు చూసుకో. నీ జీతం మాత్రం నీ ఖాతాలోనే పడనీ." పక్కనే ఉన్న నాన్నకి పొలమారింది.

స్త్రీ స్వేచ్ఛ మీద నాకున్నంత అభిమానం కూకట్‌పల్లిలో మా అపార్టుమెంటు మొత్తం మీద ఇంకెవరికీ లేదని ఘంటాపథంగా చెప్పగలను. మార్చి 8న సంఘం మీటింగులో అత్తయ్య లూనా కథ చెప్పి చప్పట్లు కొట్టించుకునేది నేనే. చపాతీలు ఏడున్నరకల్లా అయిపోతే ఇంకా బాగా మాట్లాడతాను. ఆ మధ్య మా ఆవిడ కాలేజీలో తోటి లెక్చరర్లతో కలిసి అరకు వెళుతున్నానంది. ఎవరెవరు, ఏ రైలు, అక్కడ ఏ బండి, డ్రైవరు వయసెంత, ఘాటురోడ్డులో పగలా రాత్రా అని అన్నీ కనుక్కుని, చివరికి ఉదారంగా, "నాకేం అభ్యంతరం లేదోయ్, అత్తయ్యని చూసి పెరిగినవాణ్ణి" అన్నాను.

"అభ్యంతరం ఉందా అని నేనడగలేదండీ. ఇడ్లీపిండి ఫ్రిజ్‌లో ఉందని చెప్పడానికొచ్చాను" అంది మా ఆవిడ.

ఈ జవాబు ఎక్కడ తయారైందో నాకు తెలుసు. ఆదివారం ఆదివారం అత్తయ్యా తనూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. నేను గదిలోకి వెళితే ఆపేసేవాళ్లు. మూడు నిమిషాల నియమం ఆ ఫోన్లకి వర్తించేది కాదు.

అత్తయ్య పోయాక ఆ రేకుపెట్టె తెరిచాం. కాగితాల కింద లెక్కల పుస్తకాలు, ఉద్యోగంలో చేరిన నెల నుంచి ఆఖరి నెల దాకా. తిండి, ఇల్లు, ఊళ్లు, ఇచ్చినవి, రానివి అని గడులు. రోజ్‌మిల్కు కూడా రాసింది. "వాల్తేరు, జీడిపప్పు, కుర్రాడి ఏడుపు నిమిత్తం" అని కూడా రాసింది. ప్రతి ప్రయాణానికీ పోస్టాఫీసులో విడిగా ఓ ఆర్.డి. ఊటీకొకటి, సిమ్లాకొకటి. పుష్కరాలు వచ్చే ఐదేళ్ల ముందు నుంచే పారిపోవడానికి నెలనెలా కట్టుకుంటూ వచ్చింది.

1976లో బాలచందర్ తీసిన 'అంతులేని కథ' గురించి అమ్మ చెప్పే మాట అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగం చేసి ఇంటిల్లిపాదినీ పోషించే అమ్మాయి కథ. అందులో జయప్రద మా రాజమండ్రి పిల్లేనని ఊరంతా చూసిందట. అమ్మా పెద్దమ్మా కొంగులు తడుపుకుంటూ హాల్లోంచి బయటికొస్తుంటే, అత్తయ్య మాత్రం, "ఆ పిల్ల మొదటి జీతం రోజునే పోస్టాఫీసులో ఖాతా తెరిచి ఉంటే ఈ కథకి ఎప్పుడో అంతుండేది" అందట. అమ్మ దాన్ని రాతిగుండె కింద జమకట్టింది.

పక్షిలా ఎగిరిపోయే మనిషని ఇప్పుడందరూ అంటున్నారే, ఆ ఎగిరిన ప్రతిసారికీ పెట్టెలో రసీదుంది. జీతం, పింఛను, వాటా, పట్టా, గ్యాసు బుక్కు, ఇవన్నీ సర్దుకున్నాకే గాలి పని మీద బయల్దేరింది. మా వంశంలో ముందుచూపు గలవాడినని పేరుపడ్డ నేను, ఇరవై ఏళ్ల వాయిదాల మీద నాలుగో అంతస్తులో కాసింత బాల్కనీ గాలి కొనుక్కున్నాను. ఆవిడ అదే గాలి కొవ్వూరు బ్రిడ్జి మీద అర లీటరు పెట్రోలుకి కొంది.

ఆ బాల్కనీకి అడ్వాన్సు తక్కువైతే అత్తయ్యే సర్దింది. పుస్తకంలో అదీ ఉంది. మొదట 'ఇచ్చినవి'లో రాసి, అదే వారంలో కొట్టేసి 'రానివి'లోకి మార్చింది. అప్పటికి నేనింకా ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టలేదు. ఎగ్గొట్టే గడువే రాలేదు. ఆ గడిలో నా పైన నాన్న పేరు, ఆ పైన పెదనాన్న పేరు ఉన్నాయి. వంశవృక్షం గీయాలంటే ఇంతకన్నా సులువైన ఆధారం దొరకదు.

పెట్టె అడుగున రిజిస్టరు చేసిన వీలునామా. గంభీరంగా కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. పెంచిన మేనల్లుణ్ణి కదా, గొంతు కాస్త బరువెక్కించుకున్నాను కూడా. ఇల్లు నా మేనల్లుడి భార్యకు అని ఉంది. కారణం ఒక్క వాక్యంలో రాసింది: మావాడికి ఇల్లుంది, ఆమెకు అలిగినా అలగకపోయినా వెళ్లి కూర్చోవడానికి ఒక చోటుండాలి. గొంతు బరువు దానంతటదే దిగిపోయింది. మా ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే చదువుకుంది.

ఇప్పుడు నెలకోసారి మా ఆవిడ గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తన ఇంటికి వెళ్లొస్తోంది. అలిగి వెళుతోందో, అలగకుండా వెళుతోందో నాకు చెప్పదు. అడిగితే రెండూ ఒకే టికెట్టంటోంది. 2027 పుష్కరాలు దగ్గరపడుతున్నాయని తెలిసి బంధువులు అప్పుడే నాకు ఫోన్లు మొదలుపెట్టారు. ఓనరుగారిని అడిగి చెబుతానంటున్నాను. ఓనరుగారు ఆ పన్నెండు రోజులూ ఊళ్లో ఉండదట. మరి నేను ఏ జట్టులో ఉంటాను, నీతో వచ్చేవాళ్లలోనా, నీళ్లు పట్టేవాళ్లలోనా అని మొన్న ధైర్యం చేసి అడిగాను.

మా ఆవిడ లోపలికెళ్లి వీలునామా తెచ్చి, రెండో పేజీలో ఒక వరుస మీద వేలు పెట్టింది. ఇల్లూ, అందులోని సామానూ, నాకు రావలసిన బాకీలతో సహా అని ఉంది. "ముందు ఇది తేల్చండి. జట్టు సంగతి తర్వాత" అంది.

అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తారీకున వాయిదా కడుతున్నాను. పుచ్చుకుని పుస్తకంలో రాసుకుంటోంది. ఆ డబ్బుతో పోస్టాఫీసులో ఆర్.డి. తెరిచిందని మా పిల్లల ద్వారా తెలిసింది. ఏ ఊరికో నాకింకా చెప్పలేదు.